మామిడి తోటలో వేలాడే చిన్న ముక్క వెనక వందేళ్ళ కథ

ఇది కొంచెం పొడుగు పోస్టు. తోట నుంచి వచ్చాక, భోజనం చేసి తీరిగ్గా చదవండి.

పండు ఈగ ట్రాపు డబ్బాలు మనందరికీ తెలిసినవే. నూజివీడు వెళ్ళినా, కొల్లాపూర్ వెళ్ళినా, జగిత్యాల వైపు పోయినా మామిడి కొమ్మలకి వేలాడుతూ కనిపిస్తాయి. మూత తీస్తే లోపల అగ్గిపెట్టె అంత చెక్క ముక్కో, ప్లాస్టిక్ ముక్కో ఉంటుంది. దాన్ని మనం లూరు అంటాం. లవంగానికి దగ్గరగా ఉండే ఒక వాసన వస్తుంది. ఆ వాసన పేరు మిథైల్ యూజినాల్.

మీరెప్పుడైనా ఆలోచించారా? అదే నూనెని ఒక చెంచాడు తీసుకుని ఆకు మీద పోస్తే ఎండకి కొద్ది రోజుల్లోనే ఎగిరిపోతుంది. ఆ ముక్కలో పోస్తే మాత్రం వారాల తరబడి వాసన వస్తూనే ఉంటుంది. నూనె అదే, మారింది దాన్ని పట్టుకుని ఉన్న పదార్థం. వాసనని కనిపెట్టడం ఒక కథ, దాన్ని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదిలించడం ఇంకో కథ. మన డబ్బా పని చేస్తుందా చేయదా అన్నది ఎక్కువగా రెండో దాని మీదే ఆధారపడి ఉంది. మనమేమో లూరు కొనేటప్పుడు నూనె అసలుదా కల్తీదా అని మాత్రమే అడుగుతాం.

కథ మొదలైంది మన దేశంలోనే. బీహార్‌లో పూసా అనే ఊళ్ళో 1905లో బ్రిటిష్ వాళ్ళు వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టారు. దానికి డబ్బు ఇచ్చింది హెన్రీ ఫిప్స్ అనే అమెరికా దాత. 1934 భూకంపంలో ఆ భవనం దెబ్బతింటే 1936లో సంస్థని ఢిల్లీకి మార్చారు, పేరు కూడా వెంట తీసుకుపోయారు. ఇవాళ మనం ఢిల్లీ పూసా అంటున్నది అదే.

ఆ పాత పూసాలో ఫ్రాంక్ మిల్బర్న్ హౌలెట్ అనే పురుగుల శాస్త్రవేత్త ఉండేవారు. అక్కడ దోమలు జాస్తి. ఆయన పక్కింటాయన దోమలు రాకుండా సిట్రొనెల్లా నూనె వాడేవాడు. సిట్రొనెల్లా అంటే మన నిమ్మగడ్డికి దగ్గరి చుట్టం, దాని నూనె వాసనకి దోమ దూరంగా పోతుంది. దోమల సంగతి ఏమైందో గానీ, ఆ నూనె వాసనకి ఇంకో రకం ఈగలు వచ్చి ముసురుకోవడం మొదలుపెట్టాయి. హౌలెట్ చూస్తే అవి పండు ఈగలు. ఇంకా జాగ్రత్తగా చూస్తే, వచ్చినవన్నీ మగవే.

ఇంకొకరైతే నవ్వి వదిలేసేవారు. ఈయన వదల్లేదు. 1912లో ఆ సంగతి రాసి లండన్‌లో అచ్చు వేయించారు. ఆ నూనెలో ఉన్నది ఒక్క పదార్థం కాదు, చాలా ఉంటాయి. వాటిలో ఈగని లాగుతున్నది ఏది అని ఒక్కొక్కటీ పరీక్షించుకుంటూ పోయి, 1915 నాటికి మిథైల్ యూజినాల్ దగ్గర ఆగారు. అప్పట్లో ఇప్పటి మెషిన్లు లేవు. వేరువేరు వాసన పదార్థాలు తెచ్చి పెట్టి, ఈగ ఏ చుక్క దగ్గరికి వస్తుందో కళ్ళతో చూడటమే. తర్వాత అయిదేళ్ళకి, 1920లో, ఆయన పోయారు. తన పరిశోధన మామిడి తోటల్లో వేలాడుతుందని ఆయనకి తెలిసే అవకాశం లేదు.

మిథైల్ యూజినాల్ సీమ సరుకేమీ కాదండి. మన ఇంటి ముందు తులసిలో కూడా ఉంది. అందుకే తులసి ఆకు నూరి కొబ్బరి చిప్పలో పెడితే పండు ఈగ వచ్చి వాలుతుంది. మన దేశంలో చాలాచోట్ల రైతులకి ఇది తెలుసు. కాకపోతే ఆ చిప్ప ఎంతసేపు పని చేస్తుంది? ముద్ద ఎండేదాకానే. మళ్ళీ ఆకు కోయాలి, మళ్ళీ నూరాలి. పది చెట్ల పెరటికి సరే, పదెకరాల తోటకి ఎవరి వల్ల అవుతుంది? హౌలెట్ వాసన కనిపెట్టాక కూడా ముప్పై ఏళ్ళ పైన అది పెద్దగా పొలానికి రాలేదు. వాసన దొరికింది, దాన్ని ఉంచే పాత్ర దొరకలేదు.

ఆ తర్వాత కథ పసిఫిక్ సముద్రంలోకి పోతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1945 ప్రాంతంలో, మన మామిడి మీద పడే ఈ పండు ఈగ హవాయి దీవుల్లోకి చేరింది. అక్కడ దానికి అడ్డూ ఆపూ లేదు. కనిపించిన పండునల్లా పాడు చేసింది. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు హడావుడిగా దాని వెంట పడ్డారు. వాళ్ళలో స్టైనర్ అనే ఆయన హౌలెట్ పాత పరిశోధనని దుమ్ము దులిపి, మిథైల్ యూజినాల్‌ని ఈ ఈగ మీద తోటల్లో పరీక్షించి 1952లో ఫలితాలు రాశారు.

స్టైనర్ బృందం చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. నారతో నొక్కి చేసిన మందపాటి అట్ట ఉంటుంది కదా, దాన్ని చిన్న చిన్న చదరపు ముక్కలు కోసి మిథైల్ యూజినాల్‌లో ముంచారు. నూనె 97 పాళ్ళు, నాలెడ్ అనే పురుగు మందు 3 పాళ్ళు. మగ ఈగ వాసనకి వస్తుంది, అట్టని నాకుతుంది, చస్తుంది. ఈ ముక్కల్ని రోటా అనే దీవి మీద విమానంలోంచి కూడా చల్లారు, రెండు వారాలకి ఒకసారి. రోటా మరియానా దీవుల్లో ఒకటి, సుమారు 85 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో రెండు మూడు పెద్ద రెవెన్యూ గ్రామాలు కలిపితే వచ్చేంత. ఆరు నెలలు తిరిగేసరికి దీవిలో ఈగ లేకుండా పోయింది. 1965లో ఆ సంగతి అచ్చయింది. ఆడ ఈగని ముట్టుకోకుండా, చెట్టు మీద మందు కొట్టకుండా, మగవాటిని మాత్రమే తీసేసి ఒక దీవి మొత్తం శుభ్రం చేశారు.

ఇక్కడ అందరూ నూనెని మెచ్చుకుంటారు. నేనైతే అట్టకి సగం పేరు ఇస్తాను. అట్టలో ఉన్నది చెట్టు నార, అంటే సెల్యులోజ్. పత్తిలో ఉన్నదీ అదే, మన చెక్క లూరులో ఉన్నదీ అదే. సెల్యులోజ్ ఒక పాలిమర్. పాలిమర్ అంటే పెద్ద మాటేమీ కాదు. ఒకే రకం చిన్న లంకెలు వేలకి వేలు కలిసి గొలుసులాగా తయారైన పదార్థం. రబ్బరు, ప్లాస్టిక్, పత్తి, తుమ్మ బంక, జిలెటిన్, అన్నీ ఈ జాతివే. ఈ గొలుసులు ఒకదాని మీద ఒకటి చిక్కుపడి ఉంటాయి, మధ్యలో సందులుంటాయి. ఆ సందుల్లో నూనె కూర్చుంటుంది.

గడ్డివాము గుర్తు తెచ్చుకోండి. వాములో నిండా ఎలుకలు దూరాయనుకోండి. అంచున ఉన్నవి వెంటనే బయటికి వస్తాయి. లోపలున్నవి దారి వెతుక్కుంటూ రావాలి, ఆలస్యం అవుతుంది. నడిమధ్యలో ఉన్నవి ఇంకా ఆలస్యం. నూనె కూడా అట్లాగే వస్తుంది, మొదట గబగబా, తర్వాత మెల్లమెల్లగా. తకేరు హిగుచి అనే ఆయన పూత మందుల కోసం దీనికి 1961లో లెక్క కట్టారు. ఆయన లెక్క ప్రకారం మొదటి 10 రోజుల్లో 20 పాళ్ళు బయటికి వస్తే, 40 రోజులు గడిచేసరికి మొత్తం కలిపి వచ్చేది 40 పాళ్ళే. అంటే తర్వాతి 30 రోజులకి మిగిలింది ఇంకో 20. కొత్త లూరు పెట్టిన మొదటి వారం డబ్బా నిండి, నెల తిరిగేసరికి పలచబడితే, ఈగలు తగ్గాయని సంతోషపడకండి. తగ్గింది వాసన కూడా అయి ఉండొచ్చు. పక్కన ఒక కొత్త లూరు పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

ఎండ ఇంకో సంగతి. వేడికి గొలుసులు వదులవుతాయి, నూనె కూడా తొందరగా ఆవిరవుతుంది. ప్యాకెట్ మీద రాసిన రోజులు మన మే నెల ఎండలో అట్లాగే వస్తాయని అనుకోకూడదు. డబ్బాని నీడ ఉన్న కొమ్మకి కట్టమనేది అందుకే.

మళ్ళీ చరిత్రలోకి వద్దాం. నారలో నానబెట్టడం అనేది ముతక పద్ధతి. వాసనని ఇంకా కుదురుగా వదిలించే ఆలోచనలు వ్యవసాయం నుంచి రాలేదు, వేరే చోట్ల నుంచి వచ్చాయి. 1950లలో అమెరికాలో నగదు లెక్క యంత్రాలు చేసే కంపెనీ ఒకటి, కార్బన్ పేపరు లేకుండానే కింద కాగితం మీద అచ్చు పడే కాగితం చేసింది. బ్యారెట్ గ్రీన్ అనే ఆయన దాని కోసం రంగు నూనెని కంటికి కనపడనంత చిన్న బుడగల్లో మూసిపెట్టారు. ఆ బుడగ గోడ దేనితో కట్టారంటే జిలెటిన్‌తో, తుమ్మ జాతి చెట్టు బంకతో. పెన్ను నొక్కితే బుడగ పగిలి రంగు వస్తుంది. రంగు నూనెకి బదులు సువాసన నూనె పెడితే? గీకితే వాసన వచ్చే కాగితాలు అట్లా వచ్చాయి. పిల్లల స్టిక్కర్లలో మీరు చూసే ఉంటారు. ఇప్పుడు బట్టల సబ్బుల్లో, సెంట్లలో, పురుగు మందుల్లో కూడా ఈ బుడగల పద్ధతి వాడుతున్నారు.

పత్తి రైతులకి సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడ చెప్పాలి. గులాబీ రంగు పురుగు ఆడ రెక్కల పురుగు వదిలే వాసన ఏమిటో 1973లో తేల్చారు, దాని పేరు గాసిప్లూర్. అయితే ఆ వాసన చాలా పలచన, చాలా ఖరీదు, ఎండకి నిలవదు. దాన్ని జుట్టు వెంట్రుక లాంటి సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో నింపారు. గొట్టం ఒక చివర మూసి ఉంటుంది, రెండో చివర తెరిచి ఉంటుంది. తెరిచిన చివర నుంచి ఆవిరి కొంచెం కొంచెంగా వస్తుంది. జిగురు కలిపి విమానంతో పత్తి చేల మీద చల్లితే ఆ గొట్టాలు ఆకులకి అంటుకుని ఉంటాయి. చేను మొత్తం ఆడపురుగు వాసనే ఉండేసరికి మగ పురుగుకి అసలు ఆడది ఎక్కడుందో తెలియదు. 1978లో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. జత కలవకుండా చెడగొట్టే వాసన మందుల్లో అక్కడ మొదట అనుమతి వచ్చింది దీనికే. ఇవాళ మన పత్తి చేలల్లో పెట్టే లింగాకర్షక బుట్టల్లో చిన్న రబ్బరు బిరడా ఉంటుంది చూడండి. అది నిజానికి ల్యాబు సీసాలకి పెట్టే బిరడా. రబ్బరు ఆ వాసనని బాగా పీల్చుకుని మెల్లగా వదులుతుందని తెలిశాక దాన్నే లూరుగా వాడేశారు.

మామిడి ఈగ దగ్గరికి తిరిగి వస్తే, నార అట్ట స్థానంలో తర్వాత ప్లాస్టిక్‌లోనే నూనె కలిపి పోత పోసిన బిళ్ళలు వచ్చాయి, చెట్టు మీద చుక్కగా పెట్టే మైనం లాంటి ముద్దలు వచ్చాయి. మన దేశంలో మాత్రం ఎక్కువగా నిలబడింది చెక్కే. ఆల్కహాలు, మిథైల్ యూజినాల్, మలాథియాన్ కలిపి ప్లైవుడ్ ముక్కల్ని రోజుల తరబడి అందులో నానబెడతారు. ఆల్కహాలు నూనెని చెక్క లోపలికి తీసుకుపోయి తను ఎగిరిపోతుంది. చవక, ఎవరైనా చేసుకోవచ్చు. సరిగ్గా నానబెట్టకపోతే మాత్రం నూనె పైపైనే ఉండి వారం పది రోజుల్లో అయిపోతుంది. బయటికి చూస్తే రెండు ముక్కలూ ఒకేలా ఉంటాయి. ఒక షాపులో నాకు ప్యాకెట్ చినిగిన లూర్లు అంటగట్టబోయారు. ప్యాకెట్ చినిగితే మీ కథ షాపులోనే అయిపోయినట్టు. తోటలో పని చేయాల్సిన వాసన అలమరాలో పని చేసింది.

ఇంతకీ మగ ఈగకి ఈ నూనె మీద అంత మోజు ఎందుకు? చాలా ఏళ్ళు ఎవరికీ అర్థం కాలేదు. మలేసియాలో టాన్ కెంగ్ హాంగ్, జపాన్‌లో నిషిదా రిట్సువో, వీళ్ళు చేసిన పనితో తేలింది. మగ ఈగ ఈ నూనెని తిని, ఒంట్లో మార్చుకుని, ఆడవాటిని పిలిచే సెంటుగా వాడుకుంటుంది. తిన్న మగవాటికే ఆడవి ఎక్కువగా దక్కుతాయి. ఇందులో మనకి ఒక చిక్కుంది. కాయలోకి గుడ్లు పెట్టేది ఆడది. అది మన డబ్బా వైపు చూడదు. ఒక్క మగ ఈగ చాలా ఆడవాటితో కలవగలదు. వందలో తొంభై మగవాటిని పట్టినా మిగిలిన పది చాలు, ఊళ్ళో ఆడ ఈగలన్నీ గుడ్లు పెట్టడానికి. డబ్బా నిండా చచ్చిన ఈగలు, చెట్టు కింద పురుగు పట్టిన కాయలు, రెండూ ఒకే తోటలో కనిపిస్తే అది మోసం కాదు. లెక్క అంతే.

రోటాలో ఎందుకు కుదిరింది? చుట్టూ సముద్రం, పక్క తోట నుంచి ఈగ రాదు. దీవి అంతా ఒకే రోజుల్లో వేశారు. జపాన్ వాళ్ళు ఇదే పద్ధతి తమ దక్షిణ దీవుల్లో, ఒకినావా వైపు, ఏళ్ళ తరబడి చేశారు. నార అట్టలు, నూలు తాళ్ళు మిథైల్ యూజినాల్‌లో నానబెట్టి ఊరూరా వేశారు. 1986 నాటికి జపాన్‌లో ఈ ఈగ లేకుండా చేశారు. ఒగసవారా దీవుల్లో మాత్రం దీని ఒక్కదానితో పని కాలేదు, పిల్లలు పుట్టించలేని మగ ఈగల్ని వదిలి పూర్తి చేయాల్సి వచ్చింది.

అదే 1986లో జపాన్ మన దేశం మామిడి పండ్లని ఆపేసింది. కారణం పండు ఈగే. అంత కష్టపడి తీసేసుకున్న పురుగుని మళ్ళీ పెట్టెల్లో ఎవరు తెచ్చుకుంటారు చెప్పండి? ఆ తలుపు తెరుచుకోవడానికి 20 ఏళ్ళు పట్టింది. 2006లో ఒప్పుకున్న ఆరు రకాల్లో మన బంగినపల్లి ఉంది, అది కూడా ఆవిరి వేడితో ఈగ గుడ్లు చంపిన తర్వాతే. తర్వాత 2014 మే 1 నుంచి యూరప్ వాళ్ళు ఆపారు, మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ కూడా. అంతకుముందు ఏడాది, 2013లో, మన దగ్గర నుంచి పోయిన 207 సరుకుల్లో పురుగులు దొరికాయని చెప్పారు. మామిడికి 2015 జనవరిలో మళ్ళీ అనుమతి వచ్చింది. ఎగుమతి మనకెందుకులే, మా కాయ జ్యూసు ఫ్యాక్టరీకే పోతుంది అనుకునేవాళ్ళు కూడా ఉంటారు. పైకి పోయే కాయ ఆగితే అదంతా లోపలి మార్కెట్‌కే వస్తుంది కదా, అప్పుడు మన కాయ ధర ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన తోటల చుట్టూ సముద్రం లేదు. నా తోటకి మీ తోటే సరిహద్దు. నేను పెట్టి మీరు పెట్టకపోతే నా మగ ఈగలు చస్తాయి, మీ దగ్గర కలిసిన ఆడవి నా చెట్టు మీదికి వస్తాయి. కాబట్టి పెడితే వరసగా ఉన్న తోటలన్నీ ఒకే వారంలో పెట్టాలి. కోతకి నెలన్నర, రెండు నెలల ముందే పెట్టాలి, కాయ రంగు తిరిగాక కాదు. లూరు మార్చేది కూడా అందరూ కలిసే. రాలిన కాయల్ని ఏరి లోతుగా పూడ్చాలి. పురుగు కాయలోంచి మట్టిలోకి దిగి, అక్కడే కోశం కట్టుకుని, మళ్ళీ ఈగై పైకి వస్తుంది. ఆ ఈగల్లో ఆడవి కూడా ఉంటాయి, వాటిని డబ్బా పట్టదు. పూడ్చడం వాటికి ఒక మందు.

బీర, కాకర, దోస వేసినవాళ్ళు ఒక మాట గుర్తుంచుకోండి. ఆ పాదుల మీద పడే ఈగ వేరు. దానికి మిథైల్ యూజినాల్ వాసన పట్టదు, క్యూలూర్ అనే ఇంకో పదార్థం కావాలి. షాపులో రెండూ ఒకే సైజు డబ్బాల్లో అమ్ముతారు, ప్యాకెట్ మీద పేరు చదివి తీసుకోండి.

లూర్లు కొన్నాక ప్యాకెట్ విప్పకుండా చల్లటి చోట పెట్టండి. తినే వస్తువుల దగ్గర వద్దు, చాలా వాటిలో పురుగు మందు కలిసే ఉంటుంది. విప్పినప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. సీజను అయ్యాక తీసేసిన పాత ముక్కల్ని గట్టు మీద పారేయకండి. మన ముక్కుకి వాసన తెలియకపోయినా ఈగ ముక్కుకి ఇంకా తెలుస్తుంది. అందులో మందు పోయి నూనె మిగిలి ఉంటే, వచ్చిన మగ ఈగ ఉచితంగా సెంటు పూసుకుని పోతుంది.